స్వతంత్ర సంగీతకారులకు మనసులోని మాట ఎలా రాయాలి?

నమస్కారం. హనుమకొండలో ఉంటున్న నేను రాత్రిపూట, సంగీతకారులు తమ ట్రాక్‌లను స్వయంగా పెట్టుకునే సౌండ్‌క్లౌడ్ అనే వెబ్‌సైట్‌లో, మాటలూ తాళమూ లేకుండా నెమ్మదిగా పరచుకునే ఆంబియంట్ సంగీతం వింటుంటాను. నిన్న విన్న ట్రాక్‌లో తంబూర శ్రుతి వెనుక కప్పల బెకబెకలు మెల్లగా పెరిగి, నాలుగో నిమిషంలో ఒక్కసారిగా ఆగిపోగానే, వానాకాలంలో భద్రకాళి చెరువు కట్టమీద నాన్నతో నిలబడిన రాత్రి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఫోన్ స్పీకర్‌లో 100 హెర్ట్జ్ లోపలి మంద్రధ్వని దాదాపు వినపడదు కనుక, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మళ్లీ విన్నాను.

అయితే రాయబోతే "చాలా బాగుంది" అన్న మాటే వస్తోంది. ఒంటరిగా అంత శ్రమించిన మనిషికి అది చాలదని నా అభిప్రాయం. ఏ నిమిషంలో ఏమనిపించిందో రాస్తే వారికి ఉపయోగపడుతుందా? మొదట్లో ప్రతిధ్వని ఎక్కువై కప్పల అరుపు మసకబారిందన్న సంగతి, వారు అడగకుండానే చెప్పవచ్చా? సంగీతం చేసేవారు దయచేసి తెలుపగలరు.