తొమ్మిదక్షరాల రెండో మాట ఏది?

అరసున్న:
ముప్ఫై ఏళ్ళుగా బుర్ర తొలుస్తున్న సంగతి ఒకటి అడుగుతున్నా, నవ్వకండి. తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు మాష్టారు ఒక పొడుపుకథ వేశారు. ఇంగ్లీషు అచ్చులు ఐదూ ఒక్కోటి ఒక్కసారే, అదీ ఏ, ఇ, ఐ, ఓ, యు అన్న వరసలోనే వచ్చే మాటలు రెండు చెప్పమన్నారు. "రెంటికీ తొమ్మిదేసి అక్షరాలు, ఒకటి నోట్లోంచి రాకూడనిది, రెండోది నోట్లోకి పోకూడనిది" అని క్లూ. మొదటిది ఫెసీషియస్, అది గుర్తుంది. రెండోది ఎంత గింజుకున్నా రావట్లేదు. ఎడ్యుకేషన్ అని మాత్రం చెప్పకండి, అందులో ఐదూ ఉన్నాయి గానీ వరస లేదు, ఆ రోజు అది చెప్పినందుకే బెంచీ ఎక్కాను.

పొల్లుహల్లు:
ఆబ్‌స్టీమియస్. తిండీ తాగుడూ మితంగా ఉండేవాణ్ణి అంటారు. లాటిన్లో టెమేటం అంటే ఘాటైన మద్యం, దానికి దూరంగా ఉండేవాడు అని మొదటి అర్థం. నోట్లోకి పోకూడనిది మందు. అయిపోయింది, తాళం వేసేయండి.

రసాయనం టీచర్:
తాళం అప్పుడే వద్దండీ. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి: ఏ, బి, ఎస్, టి, ఇ, ఎమ్, ఐ, ఓ, యు, ఎస్. పది. మాష్టారు చెప్పింది తొమ్మిది కదా. తొమ్మిదక్షరాల మాట ఆర్సీనియస్. ఏ, ఆర్, ఎస్, ఇ, ఎన్, ఐ, ఓ, యు, ఎస్. అంటే పాషాణం తాలూకు. నోట్లోకి పోకూడనిది అంటే ఇంతకన్నా ఏం కావాలి?

పొల్లుహల్లు:
తొమ్మిదో తరగతి పిల్లలకి పాషాణం చెబుతారా ఎవరైనా?

రసాయనం టీచర్:
మేం చెప్పేది అదే కదండీ. ఫెర్రస్, ఫెర్రిక్, సల్ఫ్యూరస్, సల్ఫ్యూరిక్. సంయోజకత తక్కువైతే చివర అస్, ఎక్కువైతే ఇక్. ఆర్సెనిక్‌కి మూడైతే ఆర్సీనియస్, ఐదైతే ఆర్సెనిక్ ఆమ్లం. కాకపోతే ఈ మధ్య పుస్తకాల్లో మధ్యలో ఐ తీసేసి ఆర్సెనస్ అని వేస్తున్నారు, అలా వేస్తే మీ పొడుపుకథ ఒక అచ్చు పోగొట్టుకుంటుంది. పాత స్పెల్లింగుతో చదువుకున్న మాష్టారై ఉంటారు.

గోదారి గట్టు:
అసలు ఫెసీషియస్‌కి తెలుగేంటో ముందు తేల్చండి. వెటకారం అంటారేమో, ఒప్పుకోను. వెటకారంలో ఎదటివాడికి కొంచెం గుచ్చుకోవాలి, లేకపోతే అది వెటకారమే కాదు, మా దగ్గర పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడు కూడా "ఇంకో గారె వెయ్యమంటారా, లేక పార్సిలా" అని గుచ్చుతాడు. ఫెసీషియస్ అంటే సందర్భం చూసుకోకుండా వేసే జోకు. పరాచికం దగ్గరగా ఉంటుంది. ఎకసెక్కెం కూడా కాదు.

అరసున్న:
పరాచికం బాగుంది. కానీ నా ప్రశ్న రెండోదాని గురించి.

పొల్లుహల్లు:
అరసున్న గారూ, క్లూ మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకోండి. "పోకూడనిది" అన్నారా, "పోనివ్వనిది" అన్నారా? పోకూడనిది అయితే వస్తువు, పాషాణానికి సరిపోతుంది. పోనివ్వనిది అయితే గుణం, నోటికి కాపలా, అంటే ఆబ్‌స్టీమియస్. మొత్తం కేసు ఆ కూడ, నివ్వల మధ్య ఉంది.

అరసున్న:
ఇప్పుడు మీరడిగాక రెండూ మాష్టారి గొంతుతోనే వినబడుతున్నాయి. ఎంత పని చేశారండీ.

చెవిటిమా:
నాకో సందేహం. ఫెసీషియస్‌లో ఐదు అచ్చులు ఎక్కడున్నాయి? నోటితో పలకండి. ఫె, సీ, షస్. మూడే. ఐ, ఓ రెండూ షకారంలో కలిసిపోయాయి, యు ఉండీ లేనట్టు. అంటే ఇది చెవికి అందే ఆట కాదు, కంటికి మాత్రమే. మనకి అచ్చు అంటే ధ్వని, వాళ్ళకి అచ్చు అంటే అచ్చులో పడ్డ అక్షరం. మన యతీ ప్రాసా అన్నీ చెవితో చేసేవి, రాయడం రానివాడు కూడా ప్రాస తప్పితే పట్టేస్తాడు. దీన్ని పట్టాలంటే స్పెల్లింగ్ రావాలి.

గోదారి గట్టు:
అయితే చివర లీ తగిలించి ఫెసీషియస్‌లీ అనండి, వై కూడా వరసలోనే వచ్చి ఆరు అచ్చులవుతాయి.

పొల్లుహల్లు:
వై అచ్చెప్పుడైంది?

చెవిటిమా:
రిథమ్ అన్న మాటకి ఆరక్షరాలు, ఐదు అచ్చుల్లో ఒక్కటీ లేదు, పని నడిపేదంతా వై ఒక్కటే. మనకిది కొత్తేం కాదు. యణాదేశ సంధిలో ఇకారం పోయి యకారం రాదూ? అతి, అంత కలిస్తే అత్యంత. ఇ, య ఒక ఇంటివే. అందుకే య ర ల వలని అంతస్థాలన్నారు, అటు అచ్చూ కాక ఇటు హల్లూ కాక గడప మీద నిలబడ్డవి. వై కూడా ఆ గడప మీదే ఉంది.

ఉపఖండం:
మీరందరూ ముందుకే చదువుతున్నారు. వెనక్కి యు, ఓ, ఐ, ఇ, ఏ వచ్చే మాట చెప్పనా? సబ్‌కాంటినెంటల్. పద్నాలుగు అక్షరాలు. ఇంగ్లీషు అచ్చులు మన దగ్గరికొచ్చేసరికి తిరగబడ్డాయి.

గోదారి గట్టు:
ఇదిగో, దీన్నంటారు ఫెసీషియస్ అని.

పదబంధం:
ఆలస్యంగా వచ్చాను. తొమ్మిదా పదా అని కొట్టుకుంటున్నారు గానీ తెలుగు గళ్ళలో వేసి చూశారా? ఫె, సీ, షి, య, స్. ఐదు గళ్ళు. ఆ, ర్సీ, ని, య, స్. ఇదీ ఐదే. ఆ, బ్, స్టీ, మి, య, స్. ఆరు. ఇంగ్లీషులో సరిపోయిన జత తెలుగులోనూ సరిపోయింది, నా ఓటు పాషాణానికి. ఇంగ్లీషువాడికి గడికో అక్షరం, మనకి గడికో ఒత్తుల మూట, స్త్రీ అన్న మాటంతా ఒక్క గడిలో కూర్చుంటుంది. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలూ, ఆరుద్ర గళ్ళ నుడికట్లూ పూరించినవాళ్ళకి ఈ సుఖం తెలుస్తుంది.

పొల్లుహల్లు:
పొల్లుకి విడిగా గడి ఇచ్చారా! నా పేరు చూసైనా జాలి పడాల్సింది. ఆబ్ అని ఒక్క గడిలో వేస్తే ఆబ్‌స్టీమియస్ కూడా కుదించుకుపోతుంది. మీ ఓటు చెల్లదు.

పదబంధం:
సరే, ఓటు పోనీ. శ్రీశ్రీ మాటొచ్చింది కాబట్టి, సిప్రాలి అన్న పేరే ఒక అక్షరాల ఆట. సిరిసిరిమువ్వలు, ప్రాసక్రీడలు, లిమరిక్కులు, మూడింటి తలలు కోసి ఒక దండ. ఛందస్సుని బద్దలుకొట్టిన మనిషి అని అందరం పాఠం ఒప్పజెబుతాం గానీ, ఆయన కందాలు చూడండి, ఎంత ఆడుకుంటూ రాశాడో. గణాలు ఒంటబట్టినవాడే వాటిని అవతల పారెయ్యగలడు.

చెవిటిమా:
అది నిజం. ఇంగ్లీషులో మొదలుపెట్టాం కాబట్టి మన లెక్కలో ఒకటి చెప్పి ఊరుకుంటాను. "కాకీక కాకికి కాక కేకికా". ఒకటే హల్లు, పదకొండు అక్షరాలు, అ, ఆ, ఇ, ఈ, ఏ అని అచ్చులు ఐదు. వరస లేకపోతే పోయింది, చదువురాని పిల్లాడికి కూడా వినగానే నవ్వొస్తుంది.

గోదారి గట్టు:
కేకికా కాదండీ, కోకికా. మా అమ్మమ్మ కోకికా అనేది.

చెవిటిమా:
కేకి అంటే నెమలి. కాకి ఈక కాకికి కాకపోతే నెమలికా అని. కోకి అంటే ఏంటి?

గోదారి గట్టు:
కోకిలకి ముద్దుపేరు. కాకి గూట్లో గుడ్డు పెట్టేది కోకిలే కదా, ఈక మీద తగువు దానితోనే రావాలి, నెమలికి కాకి ఈకతో ఏం పని?

పొల్లుహల్లు:
అది కూడా తర్వాత. అసలు కాకీక అన్న సంధి ఎలా వచ్చింది? బాలవ్యాకరణంలో ఏమ్యాదుల ఇత్తుకే, అంటే ఏమి, మఱి, అది లాంటి కొన్ని మాటల చివరి ఇకారానికే, సంధి వైకల్పికం, చేసినా మానినా సరే. కాకి ఏమ్యాదుల్లో లేదు. యడాగమం రావాలి, కాకియీక.

పదబంధం:
ఏమ్యాదుల్లో "కి" ఉందిగా.

పొల్లుహల్లు:
అది షష్ఠీ విభక్తి కి! కాకిలో కి కాదు!

అరసున్న:
మీ అందరికీ దండం. చిన్నప్పుడు నా పక్కన కూర్చున్నవాడికి ఇందాకే ఫోన్ చేశాను. వాడికి మాట గుర్తులేదట. కానీ మాష్టారు బోర్డు మీద ముందు పది అని వేసి, కొట్టేసి, తొమ్మిది చేశారని గట్టిగా అంటున్నాడు.

రసాయనం టీచర్:
చూశారా, తప్పు దిద్దుకున్నారు. ఆర్సీనియస్.

పొల్లుహల్లు:
ఒప్పుని తప్పు చేశారు. ఆబ్‌స్టీమియస్.

గోదారి గట్టు:
కాకియీక అంటే మధ్యలో య వచ్చి పడింది, ఇక ఒకటే హల్లని ఎలా అంటాం? వ్యాకరణం కోసం కాకి ఈక పీకేస్తారా?