హాస్టల్ బడి స్టాఫ్‌కు ట్రామా, కుల వివక్ష మీద శిక్షణ: ఏం పెట్టాలె, ఏం తీసెయ్యాలె? (చర్చ)

ములుగు_ట్రైనర్:
ములుగు, భూపాలపల్లి వైపు హాస్టల్ బడులకు ట్రామా (పిల్లల మనసుకు తగిలిన గాయం), కుల వివక్ష మీద శిక్షణ ప్లాన్ చేస్తున్నం. ఒక్కో బడిల దాదాపు 60 మంది: టీచర్లు, సీఆర్‌టీలు (కాంట్రాక్టు టీచర్లు), ఏఎన్‌ఎం (నర్సు), వంట వర్కర్లు, వాచ్‌మన్లు. నాలుగు డౌట్లు. మూడు రోజులు వరుసగా పెట్టాల్నా, విడగొట్టాల్నా? వంటోళ్లను కూసోబెట్టాల్నా? కులం, తెగ ముచ్చట ఎట్ల మొదలువెట్టాలె? ఫలితం ఎట్ల కొలవాలె? అమెరికా మాడ్యూల్ ఒకటి దొరికింది. జాతి వివక్ష భాగంల ముందుకు ఒకడుగు, వెనక్కు ఒకడుగు ఆట ఉంది. అదే తెలుగు చేసి పెడ్దామనుకుంటున్న.

రాత్రి డ్యూటీ:
వంటోళ్లను కూసోబెట్టాల్నా అని అడుగుడేంది సార్? పిల్ల చపాతీలు పెట్టెల దాసుకుంటే ముందుగాల తెలిసేది వంటామెకు. పక్క తడిపే పిల్ల సంగతి తెలిసేది ఆయమ్మకు. వెనుక నుంచి భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడే పిల్లను చూసేది వాచ్‌మన్. టీచర్లు నాలుగున్నరకు బస్సెక్కుతరు, ట్రామా బయటపడేది తొమ్మిది దాటినంక.

పక్క తడుపుడు మీద ఒక గంట పెట్టున్రి, మస్తు పనికొస్తది. బొంతను నడి వాకిట్ల ఆరేసుడు బంద్ కావాలె. ప్రతి డార్మిటరీల రబ్బరు షీట్లు, రెండు స్పేర్ దుప్పట్లు తాళం లేని అల్మారాల ఉండాలె, పిల్ల ఎవ్వర్నీ అడగకుంట తీసుకునేటట్టు. రాత్రి 11కు ఒకసారి లేపాలె, పేరు పిలవకుంట మంచం పక్కకు పోయి. సాయంత్రం నీళ్లు బంద్ పెట్టుడు పరిష్కారం కాదు. అంతకుముందు బాగుండి హఠాత్తుగ మొదలైతే ఏఎన్‌ఎంకు చెప్పాలె: మూత్రంల ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగర్ కావచ్చు, ఎవడో చెయ్యేసి ఉండొచ్చు. మూడూ చూడాలె.

చాక్‌పీస్88:
రెండో శనివారం మాత్రం పెట్టకున్రి. సెలవు గుంజుకుని "మీ మానసిక ఆరోగ్యం" అని క్లాస్ చెప్తే ఎవడు వింటడు? 60 మందిని ఒక్కసారే కూసోబెడితే పిల్లలను ఎవరు చూస్తరు? రెండు బ్యాచులు చెయ్యున్రి, ముప్పై ముప్పై. భోజనం, ఓడీ (డ్యూటీల ఉన్నట్టే లెక్క) సర్టిఫికెట్ ముందే ఖాయం చెయ్యున్రి.

కాకతీయ_కౌన్సిలర్:
ఈ విషయంలో జిల్లాలో నాకంటే ఎక్కువ చదివినవాళ్లు ఉంటే చెయ్యెత్తండి. మొదలుపెట్టాల్సింది పక్క దుప్పట్ల దగ్గర కాదు, పునాది దగ్గర. అమెరికాలో సామ్సా సంస్థ 2014లో ఇచ్చిన చట్రం ఉంది: ట్రామా ప్రభావం తెలుసుకోవడం, లక్షణాలు గుర్తుపట్టడం, పద్ధతులు మార్చుకుని స్పందించడం, మళ్లీ గాయం రేగకుండా చూడటం. ఆరు సూత్రాల్లో చివరిది సంస్కృతి, చరిత్ర, లింగ వివక్షల గురించే. అంటే కులాన్ని విడిగా ఇంకో రోజు చెప్పడం కాదు, అది అందులోనే ఉంది. అడుగుల ఆట పెట్టండి, బాగా పనిచేస్తుంది. దాంతోపాటు పిల్లలందరికీ ఏసీఈ (చిన్నతనంలో పడ్డ కష్టాల మీద) పది ప్రశ్నల ఫారం ఇచ్చి స్కోర్ తీయండి. మీ నాలుగో ప్రశ్నకు అదే జవాబు.

మెరుపువాగు:
ఏసీఈ ఫారం పిల్లలకు ఇయ్యొద్దు. గట్టిగ చెప్తున్న. అది 1998ల అమెరికా డాక్టర్లు ఫెలిట్టి, ఆండా జనాభా మీద చేసిన పరిశోధనకెళ్లి వచ్చింది, అదీ పెద్దోళ్ల మీద. ఒక్కొక్కరిని తూచేటందుకు ఆ స్కోర్ పనికిరాదని 2020ల ఆండానే ఇంకొందరితో కలిసి రాసిండు. పైగా ఆ పది ప్రశ్నల్ల వివక్ష ఊసే లేదు. అమెరికాల ఫిలడెల్ఫియాలో తర్వాత చేర్చుకున్నరు.

ఇంకోటి. లైంగిక వేధింపు ప్రశ్న కాడ పిల్ల టిక్ పెట్టిందంటే ఆ క్షణం నుంచి మీకు పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 వర్తిస్తది: పోలీసులకో, స్పెషల్ జువెనైల్ పోలీస్ యూనిట్‌కో చెప్పి తీరాలె. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాక జైలు; కింది ఉద్యోగి చేసింది దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాక. ఫారాలు బీరువాల పెట్టి ఎండాకాలం సెలవులకు పోతరా?

కాకతీయ_కౌన్సిలర్:
పేర్లు లేకుండా ఇస్తే సరి. అంతమాత్రానికి చట్టాలతో భయపెట్టడం దేనికి?

మెరుపువాగు:
నలభై మంది క్లాస్‌ల దస్తూరి చూస్తే పేరెందుకు సార్. మీకు తెలిసి, ఎవరో తెల్వక, ఏం చెయ్యలేక కూసునుడు ఇంకా అన్యాయం.

గూడెం గొంతు:
ఫారం సంగతి ఉండనీ, ఆ అడుగుల ఆట సంగతి చూద్దాం. "చిన్నప్పుడు ఇంట్ల పుస్తకాలుండెనా, ఒకడుగు ముందుకు. మీ తాతను ఊరి బాయి కాడికి రానియ్యకపోతే ఒకడుగు వెనక్కు." ఇరవై ప్రశ్నలయ్యేసరికి ప్రిన్సిపాల్ స్టేజీ కాడ, పాయఖానాలు కడిగే వర్కర్ ఎనుక గోడకు. అమెరికాల ఒంటి రంగు ఎట్లాగూ కనవడ్తది. ఈడ కులం చెప్పుకోకుంట కొలువు చేసుకునేటోళ్లు స్టాఫ్‌లనే ఉంటరు. అద్దె ఇల్లు దొరకదని హన్మకొండల ఇంటిపేరు మార్చి చెప్పేటోళ్లు ఉంటరు. వాళ్లను హాల్ నడుమ నిలబెట్టి బయటపెడ్తరా? ముందు నిలబడ్డోనికి పాఠం, ఎనుక నిలబడ్డామెకు పరువు పోవుడు. ట్రామా శిక్షణ పేరు మీద ట్రామా పెట్టుడు ఇదే.

కాకతీయ_కౌన్సిలర్:
ఇబ్బంది లేకుండా మార్పు రాదు. అంత భయమైతే పాత్రల చీటీలు ఇచ్చి ఆడించండి: "నువ్వు కోయ పిల్లవు", "నువ్వు సర్పంచ్ కొడుకువి". సొంత కులం బయటికి రాదు.

గూడెం గొంతు:
ఇబ్బంది ఎప్పుడూ ఒక్క దిక్కోళ్లకేనా సార్? చీటీ చదివి ఎవడో యాస వెక్కిరిస్తడు, హాలంతా నవ్వుతది. గోడ కాడ కూసున్న కోయ వర్కరమ్మ కూడ నవ్వాల్సి వస్తది. మీ పుస్తకంల దానికి మందు రాసుందా?

ఓపెన్ క్యాటగిరీ:
అసలు గురుకులంలో కులం ఎక్కడిది? ఒకే అన్నం, ఒకే యూనిఫాం, ఒకే మంచం. లేనిదాన్ని మీరే తెచ్చి పెడుతున్నారు.

చాక్‌పీస్88:
ఒకే అన్నం నిజమే సార్. స్కాలర్‌షిప్ ఫారాల దినం "ఎస్సీలు లేవున్రి, ఎస్టీలు లేవున్రి" అని క్లాస్‌ల నిలబెట్టేది ఎవరు? చెత్త ఎత్తమంటే ఎప్పుడూ గా ముగ్గురి పేర్లే ఎందుకొస్తయి? స్టాఫ్ రూంల స్టీల్ గ్లాస్ ఎవరికి, పేపర్ కప్ ఎవరికి?

ఓపెన్ క్యాటగిరీ:
అన్నింటికీ మమ్మల్ని దొంగల్ని చేస్తే ఇంక శిక్షణ దేనికి, కేసులే పెట్టండి.

మెరుపువాగు:
ఆటలు పక్కన పెట్టి రిజిస్టర్లు తీయున్రి. దొంగలెవరో తేల్చుడు అవసరం పడదు. శిక్షణకు వారం ముందు ఇద్దరే ఇద్దరు, తలుపేసుకుని, ఒక నెల కాగితాలు చూడాలె: క్లీనింగ్ డ్యూటీ చార్టు, శిక్షల నోట్‌బుక్, క్లాస్ లీడర్ల లిస్టు, జనవరి 26 ప్రోగ్రాంల ఎవరికి మైకు ఇచ్చిన్రో. అడ్మిషన్ రిజిస్టర్‌తోని పోల్చి మొత్తాలు మాత్రం చార్టు మీద రాయాలె. పిల్ల పేరు, టీచర్ పేరు రెండూ రావొద్దు. ఏదైనా గుంపుల ఐదుగురి కంటే తక్కువుంటే ఆ లెక్క చార్టు ఎక్కించొద్దు, ఎవరో పట్టేస్తరు. హాల్‌ల ఒకటే ప్రశ్న: "ఈ లెక్క ఇట్ల ఎందుకొచ్చింది?" పది నిమిషాలు ఎవ్వరు మాట్లాడరు. ట్రైనర్ ఆగాలె. గాబరాపడి జవాబు చెప్పేస్తే పనంతా పాడు.

ములుగు_ట్రైనర్:
ఇది నచ్చింది. కానీ మాదాంట్ల రెండు బడులు ఆశ్రమ పాఠశాలలు, పిల్లలందరూ ఎస్టీలే. అక్కడ ఏం పోలుస్తం?

గూడెం గొంతు:
ఎస్టీ అని అందరినీ ఒకే గాటన కడ్తే ఎట్ల? కోయ, నాయక్‌పోడ్, లంబాడ వేరు వేరు. ఆదిలాబాద్ వైపు గోండు, కోలాం, తోటి, పర్ధాన్. ఇంట్ల మాట, ఊరు పట్టుకుని పోల్చున్రి. కోలామి, గోండి మాట్లాడితే ఫైన్ రాసుకునే నోట్‌బుక్ ఉంటే ముందుగాల దాన్ని చింపున్రి. లీడర్లు ఎప్పుడూ ఏ తండా నుంచి, ఏ గూడెం నుంచి వస్తున్నరో చూస్తే మీకే సమజైతది.

తండా వాసి:
ఓహో, ఇప్పుడు లంబాడోళ్ల మీదికి వచ్చిందా? మమ్మల్ని ఎస్టీ జాబితాల చేర్చిన 1976 సవరణ పార్లమెంట్ చేసింది, మేం దొంగతనం చేసినమా?

గూడెం గొంతు:
నేను ఆ మాటే అనలే. ఆ జాబితా మీద 2017ల ఉట్నూర్‌ల ఆదివాసీలకు, లంబాడోళ్లకు అయిన గొడవలు ఈడికెందుకు తెస్తున్నవ్?

తండా వాసి:
తెచ్చింది నువ్వే.

అడ్మిన్:
జాబితా గొడవకు వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ ఇంకో పోస్టు పడితే తీసేస్తా.

రాత్రి డ్యూటీ:
మంచిది. పనికొచ్చే ముచ్చటకు వద్దాం. పిల్ల కోపంతోని పళ్లెం ఇసిరికొట్టినప్పుడు ఏం చెయ్యాలెనో చేసి చూపియ్యకపోతే మూడు రోజులు దండగ. పిల్లను బయటికి గుంజొద్దు, మిగిలినోళ్లను బయటికి పంపాలె. ఎదురుగ నిలబడొద్దు, పక్కకు జరిగి, చెయ్యి అందనంత దూరంల కూసోవాలె. గొంతు తగ్గియ్యాలె. "ఎందుకు చేసినవ్" అనే మాట నోట్లకెళ్లి రావొద్దు. మంచినీళ్లు పక్కన పెట్టాలె. "ఈడ కూసుంటవా, వరండాల కూసుంటవా?" రెండే దార్లు, అంతే. అసలు ముచ్చట అర్ధగంట తర్వాత. కండ్లు మూసుకుని ఊపిరి పీల్చుమనుడు అందరికీ పడదు, కొందరికి కండ్లు మూస్తేనే పాతది ముందరికొస్తది. కండ్లు తెరిచి, కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనున్రి.

ముగ్గురు ముగ్గురుగ చేయించాలె: ఒకరు పిల్ల, ఒకరు స్టాఫ్, ఒకరు చూసేటోళ్లు. నాలుగు నిమిషాలు, తర్వాత మారాలె. ఆత్మహత్య, అత్యాచారం సీన్లు ఇయ్యకున్రి. పళ్లెం ఇసురుడు, దసరా సెలవుల నుంచి వచ్చి అన్నం తినకపోవుడు చాలు.

కాకతీయ_కౌన్సిలర్:
దీనికి ఒప్పుకుంటా. ఒకటి కలుపుకోండి: హాస్టల్‌లో చావు జరిగితే తెల్లారే అందరినీ కూర్చోబెట్టి "ఏం చూశారో చెప్పండి" అని చెప్పించకూడదు. డబ్ల్యూహెచ్‌వో వద్దన్నది అదే. దగ్గర ఉండాలి, తిండి నిద్ర చూడాలి, ఇంటివాళ్లతో మాట్లాడించాలి. స్టాఫ్‌కు కూడా అంతే. టెలీ మానస్ (మానసిక సాయం) 14416, చైల్డ్‌లైన్ 1098 ప్రతి డార్మిటరీ తలుపు లోపలివైపు అతికించండి, ఫోన్ అందుబాటులో ఉంచి.

చాక్‌పీస్88:
ఫోన్ ప్రిన్సిపాల్ రూంల ఉంటది, తాళం ఆమె పర్స్‌ల ఉంటది.

మెరుపువాగు:
గదే శిక్షణల మొదటి ఎజెండా పెట్టున్రి మరి. రోజుల సంగతి: వరుసగా మూడు వద్దు. మూడు సగం రోజులు, నడుమ మూడేసి వారాల గ్యాప్, ప్రతిసారి ఒక్క పని అప్పజెప్పి. మొదటిసారి దుప్పట్లు, పళ్లెం. రెండోసారి రిజిస్టర్లు. పిల్లలను కొట్టొద్దనే ఆర్టీఈ (చదువు హక్కు చట్టం) సెక్షన్ 17, పిల్లల మీద క్రూరత్వానికి శిక్ష చెప్పే జేజే (బాలల న్యాయ) చట్టం సెక్షన్ 75, అట్రాసిటీ చట్టం చివరి రోజు నలభై నిమిషాలు. చట్టంతోని మొదలువెడితే అందరూ చేతులు కట్టుకుని కూసుంటరు, ఒక్కడు నోరిప్పడు.

ములుగు_ట్రైనర్:
అడుగుల ఆట తీసేసిన. రిజిస్టర్ల చార్టుకు నమూనా ఎవరి దగ్గరన్న ఉంటే పంపున్రి. కొలుచుడు గురించి మాత్రం ఆ ఏసీఈ ఫారం తప్ప ఎవ్వరు ఏం చెప్పలే.

రాత్రి డ్యూటీ:
అదే చార్టు మూడు నెలల తర్వాత మళ్లీ తీయున్రి సార్, అదే ఇద్దరితోని. నైట్ రిజిస్టర్‌ల మూడు కాలమ్‌లు కలపున్రి: తినలే, పండలే, ఏడ్చింది. పేరు వద్దు, మంచం నంబర్ చాలు. పొద్దుగాల ఏడున్నరకు డ్యూటీ మారేటప్పుడు సంతకం పెట్టి చేతికి ఇయ్యాలె. నమూనా రేపు పెడ్త.