తలకోనలో పసుపు రంగు బల్లి: ఇదేనా బంగారు బల్లి?

సత్యనారాయణపురం అమ్మాయి:
విజయవాడ నుంచి ఫ్యామిలీతో తలకోన వెళ్లాం. జలపాతం దారిలో, చీకటిగా ఉన్న రాతి సందులో చిక్కటి పసుపు రంగు బల్లి కనిపించింది. మా తమ్ముడు వీడియో తీసి పెట్టాడు. దాని కింద ఎవరో "పట్టుకుంటే లక్షలొస్తాయి" అని రాశారు. అమ్మేమో విషం అంటోంది. ఇంతకీ ఏంటది?

గుంటూరు జువాలజీ మేష్టారు:
అమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి అది బంగారు బల్లే. శాస్త్రనామం కేలోడాక్టిలోడిస్ ఆరియస్. విషం లేదు, మన ఇంటి గోడ మీద బల్లికీ లేదు. అమ్మగారికి ధైర్యం చెప్పండి.

ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, ఉన్నవి రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమల్లో, ఇంకొకటి శ్రీలంకలో. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడోమ్ మన దాని గురించి మొదట రాశాడు. తర్వాత వందేళ్లకు పైగా జాడ లేదు. 1980ల్లో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. అంత చిక్కటి పసుపు మగదానికే, అదీ జతకట్టే కాలంలో. ఆడవి, పిల్లలు గోధుమ రంగులో రాతిలో కలిసిపోతాయి.

ఆ సందులో రాతికి అతుక్కుని తెల్లగా గుండ్రటివి ఏమైనా కనిపించాయా? అవి గుడ్లు. చాలా ఆడబల్లులు ఒకే రాతి మీద పెడతాయి. పిల్లలు బయటికొచ్చాక పెంకులు అలాగే ఉండిపోతాయి, కొత్తవి వాటి పక్కనే అతుకుతాయి. అందుకే ఒక్క రాతిని పగలగొట్టినా, దాని మీద పేర్లు చెక్కినా పోయేది ఒక బల్లి కాదు, ఆ రాతి మీది గుడ్లన్నీ.

బెంజిసర్కిల్ రవి:
మేష్టారూ, మా కొండపల్లి కొండల్లో కూడా రాళ్ల మీద పెద్ద బల్లులు చూశాను. అవీ ఇవేనా?

గుంటూరు జువాలజీ మేష్టారు:
ఫొటో చూడకుండా చెప్పలేను బాబూ. బూడిద రంగులో ముదురు పట్టీలు ఉంటే వేరే రాతి బల్లి అయి ఉంటుంది. ఫ్లాష్ వేయకుండా, వేళ్లు కనిపించేలా తీసి పెట్టండి. బంగారు బల్లికి వేళ్ల చివర వెడల్పాటి పలకలు ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది.

అమ్మాయీ, ఆ లక్షల మాట నమ్మకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టుకోవడం, అమ్మడం నేరం. నాకు టెన్షన్ ఆ వీడియో గురించే. ఏ రాయో తెలిసేలా ఉంటే తీసేయమనండి.

సత్యనారాయణపురం అమ్మాయి:
తీసేయించాను సార్. తెల్లటివి గోడంతా ఉన్నాయి, మేం సున్నం మరకలు అనుకున్నాం. ఆ కామెంట్ స్క్రీన్‌షాట్ అటవీశాఖ వాళ్లకు పంపమంటారా?

గుంటూరు జువాలజీ మేష్టారు:
తప్పకుండా పంపండి, ఇవాళే.