అప్‌డేట్: సైనస్ నొప్పి తగ్గింది, యాంటీబయాటిక్ లేకుండానే

మిర్యాలగూడ నుంచి మొన్న అడిగింది నేనే. సర్ది తర్వాత చెంపలు బరువు, వంగితే నుదురు పోటు, పచ్చ చీమిడి. యాంటీబయాటిక్ వేసుకోవాలా అని.

నల్లగొండలో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాను. చీమిడి రంగు చూసి యాంటీబయాటిక్ రాయరట. ఈ సైనస్ బాధ ఎక్కువగా వైరస్ వల్లే వస్తుంది, దానంతట అదే పోతుంది. 10 రోజులైనా తగ్గకపోతే, లేదా కాస్త నయమై మళ్లీ ముదిరితే అప్పుడు ఆలోచిస్తారు. కంటి చుట్టూ వాపు, చూపు మసక, మెడ బిగుసుకోవడం ఉంటే మాత్రం వెంటనే దవాఖానకు పోవాల్సిందే.

నాకు బాగా పనిచేసింది ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు, చిటికెడు తినే సోడా. నల్లా నీళ్లు నేరుగా వద్దు. మొదట ఏదోలా ఉంటుంది గానీ తల ఎంత తేలికవుతుందో! నొప్పికి పారాసిటమాల్. ముక్కు దిబ్బడ విప్పే స్ప్రే మూడు నుంచి ఐదు రోజులు దాటితే ముక్కు ఇంకా బిగుస్తుందన్నారు.

మొన్నటి పోస్టు కింద ఆవిరి పట్టమన్న అక్కా, పట్టి చూశాను, హాయిగానే ఉంది. కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో మరిగే నీళ్ల గిన్నెతో నాకు టెన్షన్, మానేశాను. మా షాపు రైస్ మిల్లు పక్కనే, అందుకే ఊక దుమ్ముకు మాస్క్ పెట్టుకుంటున్నాను.