గర్భసంచి ఆపరేషన్‌లో మూత్రనాళం దెబ్బతింది. సంతకం పెట్టాం కాబట్టి కేసు వేయలేమా?

ప్రశ్న (కావలి నుంచి ఒక చెల్లెలు)

మా అక్కకి నలభై రెండేళ్లు. ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో గడ్డలు) వల్ల బ్లీడింగ్ ఆగక, నెల్లూరులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో గర్భసంచి తీయించుకుంది. ఇంటికొచ్చాక తనకి తెలియకుండానే మూత్రం కారడం మొదలైంది. రాత్రంతా చీర తడిసిపోతోంది. తీసుకెళ్లి చూపిస్తే ‘కుట్లు మానేదాకా నీరు కారుతుందమ్మా, తగ్గిపోద్ది’ అని మాత్రలు రాశారు. నడుం ఎడమవైపు నొప్పి, జ్వరం వచ్చినా అదే మాట. ఒక్క స్కాన్ కూడా తీయలేదు.

చివరికి చెన్నై తీసుకెళ్లాం. ఎడమ కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళం తెగిందని, కిడ్నీ వాచిపోయిందని చెప్పి మళ్లీ ఆపరేషన్ చేశారు. రొయ్యల గుంటకి మేత కోసం బావ దాచిన డబ్బంతా అయిపోయింది. అక్కడే ఇంకో సంగతి బయటపడింది. రెండు అండాశయాలూ తీసేశారంట! అక్కకి ఎవరూ చెప్పలేదు. అక్క మత్తులో ఉన్నప్పుడు బావ చేత ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు.

అడిగితే ‘ఇది ఎవరికైనా జరగొచ్చు, సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. అంతేనా ఇక?

జవాబు (థియేటర్ నర్సు, నెల్లూరు)

అమ్మా, గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కిందుగానే ఆ నాళం పోతుంది. క్లాంపు వేసేటప్పుడు మంచి సర్జన్ చేతిలో కూడా ఎప్పుడైనా దెబ్బ తగలొచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత నీరు కారుతోందంటే అది మూత్రమేమో ముందు చూడాలి. ఆ నీటిలో క్రియాటినిన్ (మూత్రంలో ఎక్కువగా ఉండే వ్యర్థం) పరీక్ష చేస్తే తెలిసిపోతుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. జ్వరం, నడుంనొప్పి ఉన్నా స్కాన్ తీయకపోవడం నాకు అసలు మింగుడుపడలేదు.

జవాబు (అడ్వొకేట్, ఒంగోలు)

నాళానికి దెబ్బ తగలడం ఒక్కటే పట్టుకుని వెళ్తే ‘తెలిసిన కాంప్లికేషనే’ అని తప్పించుకుంటారు. మీ కేసు బలం రెండుచోట్ల ఉంది. ఒకటి, మళ్లీ మళ్లీ చెప్పుకున్నా పరీక్ష చేయించకుండా పంపేయడం. రెండోది అండాశయాలు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దగ్గరికి ఇలాంటి విషయమే వచ్చింది. లాపరోస్కోపీ (గొట్టం కెమెరాతో కడుపు లోపల చూడటం) పరీక్షకని ఒప్పుకున్న ఆమె మత్తులో ఉండగా తల్లి చేత ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తన నిర్ణయం తాను తీసుకోగల మేజర్ తరఫున ఇంకొకరి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. మీ బావ సంతకం చూసి భయపడొద్దు.

పోలీసు కేసు ఆలోచన ప్రస్తుతానికి వద్దు. 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం దానికి ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి, అది కష్టం. నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడొద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది.

కావలి చెల్లెలు

చాలా థాంక్స్ సార్. కేసు షీటు మాత్రం ఇవ్వడం లేదు. ‘మేనేజర్ లేడు, రేపు రండి’ అంటున్నారు.

అడ్వొకేట్, ఒంగోలు

నోటిమాటగా అడిగితే అలాగే తిప్పుతారు. అక్క పేరుతో, అక్క సంతకంతో అర్జీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. ఇవ్వకపోతే అదీ ఫిర్యాదులో రాస్తాం. ఆపరేషన్ నోట్సు, అనస్థీషియా షీటు, నర్సుల నోట్సు, కన్సెంట్ ఫారం, తీసిన భాగాల బయాప్సీ రిపోర్టు పేరుపేరునా అడగండి. అండాశయాలు ఎందుకు తీయాల్సి వచ్చిందో బయాప్సీలో కొంత బయటపడుతుంది. చెన్నై యూరాలజిస్టు దగ్గర, ఏం కనిపించిందో, ఎన్నాళ్లుగా ఉండి ఉంటుందో లెటర్ రాయించుకోండి. ఈలోగా ఆసుపత్రి వాళ్లు ఖర్చులిస్తామని పిలిచి కాగితం మీద సంతకం అడిగితే, నాకో ఇంకో లాయరుకో చూపించకుండా పెట్టొద్దు.