పద్నాలుగేళ్ల తప్పుడు ఫుట్‌వర్క్: గేమ్‌లు ఆపేసి నేర్చుకోవాలా, ఆడుతూనే దిద్దుకోవాలా?

అడుగుతున్నవారు:
వయసు 41, కుడిచేతి వాటం. పద్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే షటిల్ ఆడుతున్నాను, దాదాపు అంతా డబుల్సే. నెట్ దగ్గర బ్యాక్‌హ్యాండ్ వైపు డ్రాప్ పడితే ఎడమ కాలే ముందుకి వెళ్తుంది. వెనక మూలకి లిఫ్ట్ పడితే ఒళ్లు తిప్పకుండా అలాగే వెనక్కి పరుగెత్తుతాను. కొత్త కోచ్ మూడు నెలలు గేమ్‌లు బంద్, షాడో (షటిల్ లేకుండా అడుగులు వేసే సాధన) మాత్రమే అన్నారు. అంతలా ఆపాల్సిందేనా?

విజయవాడ:
ఆపండి. ఆడుతూనే దిద్దుకుంటానని రెండేళ్లు పోగొట్టుకున్నాను. అరగంట షాడోలో కుడి కాలే ముందుకి పడేది, మడమ ముందు ఆనేది, మోకాలు పాదం వేళ్ల వైపే వంగేది, అంతా బాగుండేది. ఆ వెంటనే గేమ్‌లో స్కోరు 18-18కి వచ్చేసరికి మళ్లీ పాత కాలే. పాయింట్ టెన్షన్‌లో కాళ్లు మన మాట వినవు. పది వారాలు గేమ్ జోలికి పోకుండా ఉన్నాకే మారింది.

కరీంనగర్:
నేను ఒప్పుకోనన్నా. షాడోలో ఏ మూలకి వెళ్లాలో నీకు ముందే తెలుసు, గేమ్‌లో తెలియదు, చిక్కంతా అక్కడే ఉంది. స్ప్లిట్ స్టెప్ అంటే అవతలివాడు కొట్టే సమయానికి చిన్నగా ఎగిరి, రెండు కాళ్ల మీద దిగి, షటిల్ ఎటో తేలగానే అటు తోసుకుపోవడం. కొట్టేవాడే లేనప్పుడు ఎవర్ని చూసి ఎగురుతావు? గోపీచంద్ గారు మోకాలి ఆపరేషన్ల తర్వాత కూడా వచ్చి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. కాళ్లు మళ్లీ నేర్చుకుంటాయి, కానీ ఆటలోనే నేర్చుకుంటాయి.

విజయవాడ:
ఆ పోలిక ఇక్కడ కుదరదు తమ్ముడూ. ఆయనకి చిన్నప్పటి నుంచి సరైన అడుగులే అలవాటు, దెబ్బ తగ్గాక వాటి దగ్గరికే తిరిగి వచ్చారు. ఈయనకి తిరిగి వెళ్లడానికి ఏముంది, ఉన్నదాన్నే చెరిపేసుకోవాలి. స్ప్లిట్ స్టెప్ విషయంలో మాత్రం నీ మాట నిజమే, అది నాకు అందరికంటే ఆలస్యంగా వచ్చింది.

రాజమండ్రి:
నేను బాల్ బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాణ్ణి. 24 మీటర్ల కోర్టులో జట్టుకి ఐదుగురం, ఎవరి చోటు వాళ్లది, పెద్దగా కదలక్కర్లేదు. షటిల్ సింగిల్స్‌లో 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు మనమొక్కళ్లమే కాయాలి, మొదటి వారంలోనే నా లోపాలన్నీ బయటపడ్డాయి. డబుల్స్‌లో పక్కవాడు మన తప్పు కప్పేస్తాడండీ, పద్నాలుగేళ్లు ఇలా సాగడానికి కారణం అదే అనుకుంటున్నాను. కాబట్టి మానాల్సింది డబుల్స్, స్కోరు. షటిల్ మానక్కర్లేదు. ఒకరిని నెట్ అవతల నిలబెట్టి పది పదిహేను షటిల్స్ చేత్తో ఎటు పడితే అటు వేయించుకోండి, ముందు మెల్లగా. కాలు తప్పు పడితే షటిల్ అందినా సరే కొట్టకుండా వదిలేయండి. ఆ వదిలేయడం చాలా కష్టం, నాకైతే నెల పట్టింది.

అడుగుతున్నవారు:
కొట్టకుండా వదిలేయడం గురించి ఎవరూ చెప్పలేదండీ, కోచ్‌ని అడిగితే ఆయన కూడా సరే అన్నారు. గ్యాంగ్‌కి చెప్పేశాను, రెండు నెలలు రానని. ఒకాయన బాగా నొచ్చుకున్నారు, పన్నెండేళ్ల పార్ట్‌నర్ మరి. షటిల్స్ వేయడానికి ఆయన్నే రమ్మన్నాను, సోమవారం నుంచి వస్తానన్నారు.