50 మి.మీ. లెన్సు నిజంగా మన కంటి చూపేనా?

వెన్నెల: ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (సెన్సరు 36×24 మి.మీ. ఉండేది) 50 మి.మీ. లెన్సు పెడితే కంటితో చూసినట్టే ఉంటుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. మన రెండు కళ్లకూ కలిపి అడ్డంగా దాదాపు 200 డిగ్రీల మేర కనిపిస్తుంది. ఈ లెన్సుకు కనిపించేది 40 డిగ్రీలే. పైగా కంటి ఫోకల్ లెంగ్త్ (లెన్సుకు 50 అని చెప్పే కొలతే) సుమారు 17 మి.మీ. అంటారు. ఇక సమానం ఎలా అవుతుంది?

రఘు: వెన్నెల గారూ, ఆ 36×24 మి.మీ. ఫ్రేము కర్ణం 43 మి.మీ. దానికి దగ్గరగా ఉండే లెన్సునే నార్మల్ అంటారు. అనుమానముంటే ఒక కన్ను వ్యూఫైండర్ (కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీ) దగ్గర పెట్టి, రెండోది తెరిచి తలుపు వంక చూడండి. రెండింటిలోనూ ఒకే ఎత్తు కనిపిస్తుంది.

శరత్: ఆ పరీక్షలో తేలేది వ్యూఫైండర్ సంగతి. దాని మాగ్నిఫికేషన్ (50 మి.మీ. లెన్సుతో వస్తువును కంటికంటే ఎన్ని రెట్లుగా చూపిస్తుందన్నది) 0.7 అయితే 50తో తలుపు చిన్నగా కనిపిస్తుంది, 70 మి.మీ. లెన్సు దాకా వెళ్తేనే సరిపోతుంది. ఇక 17 అన్న లెక్కా ఇక్కడ పనికిరాదు. కంటి వెనక బొమ్మ పడే రెటీనా వంపు తిరిగిన పొర. అందులో బాగా స్పష్టంగా చూసేది నడిమి రెండు డిగ్రీలే, అంటే చాచిన చేతి బొటనవేలి గోరంత. మిగతా దృశ్యాన్ని కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు కదులుతూ పోగుచేసుకుంటుంది. ఏ లెన్సూ అలా చూడదు.

అసలు తేల్చాల్సింది ఫొటోను ఎంత దూరం నుంచి చూస్తున్నామన్నది. ఫ్రేమును పది రెట్లు పెంచి 36 సెం.మీ. వెడల్పున ప్రింటు వేయండి. 50తో తీసినదాన్ని అర మీటరు నుంచి చూస్తే వస్తువులు అక్కడ నిలబడి చూసినంత పరిమాణంలోనే ఉంటాయి. 24తో తీసినదాన్ని 24 సెం.మీ. దూరం నుంచి చూడాలి. అప్పుడు అంచుల్లో సాగిపోయిన ముఖాలు కూడా సరిగ్గా కుదురుకుంటాయి. దయచేసి ఒక్కసారి చేసి చూడండి, వాదన కంటే అదే మేలు.

రఘు: స్కేలు పట్టుకుని ఫొటో చూసేవారెవరు? ప్రింటును దాని కర్ణమంత దూరం నుంచి చూడటం చాలామందికి అలవాటు. అందుకే 43కు దగ్గరి లెన్సు సహజంగా అనిపిస్తుంది. నా మాటకు మీ లెక్కే బలమిస్తోంది కదా!

శరత్: ప్రింటు వరకు ఒప్పుకుంటాను, ఫోను దగ్గర అది నిలవదు. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 26 మి.మీ.కి సమానమైన ఫోను కెమెరాతో తీసి, 14 సెం.మీ. వెడల్పు తెరమీద చూస్తున్నామనుకోండి. సరైన దూరం సుమారు 10 సెం.మీ. మనం 30 దగ్గర పట్టుకుంటాం. ఎదురుగా ఎత్తుగా కనిపించిన కొండ ఫొటోలో చిన్న దిబ్బలా మిగిలేది ఇందుకే. ఆ తెరమీద, ఆ దూరానికి సరిపోయేది 75–80 మి.మీ. లెన్సు, 50 కాదు.

వెన్నెల: అయితే ఒకే ఫొటోను గోడ మీదా ఫోనులోనూ చూపించాలంటే ఏ లెన్సు ఎంచుకోవాలి?

రఘు: 50నే. కొండ కావాలంటే దగ్గరికి నడవండి.

శరత్: కొండ దగ్గరికి నడిస్తే ముందున్న చెట్టుకూ దానికీ ఉన్న పొందిక మారిపోతుంది రఘు గారూ. పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరి, దూరపు వస్తువుల మధ్య ఆ పొందిక, మనం నిలబడే చోటును బట్టి ఉంటుంది, లెన్సును బట్టి కాదు. ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకోండి, లెన్సు సంగతి ఆ తరువాత.